ఒకే ఇంట్లో రెండు కుక్కర్లు

హాక్స్‌బరీ నది ఒకే ఏడాదిలో మూడుసార్లు పొంగి, విండ్సర్ వైపు పొలాలన్నీ మూడుసార్లూ చెరువులైన ఏడాది అది. ఆ మూడో వరద తీసిన నెలకి ద్వారకానాథ్ మేస్త్రి, భ్రమరాంబ కలిసి క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొన్నారు.

ఎలా కొన్నారో ఇదివరకు చెప్పుకున్నాం. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ద్వారకానాథ్ మంగళగిరిలో నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడు. చదువు మూడో తరగతి. మాట అంతకంటే తక్కువ. భార్య పోయాక కొడుకు ఉపేంద్ర దగ్గరికి, ఈ దేశానికి వచ్చి పదమూడేళ్ళు. భ్రమరాంబ కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫయ్యేళ్ళు లైన్లు కలిపినావిడ. భర్త పోయాక కూతురు వైశాలి దగ్గరికి వచ్చి పన్నెండేళ్ళు. ఇద్దరికీ ఇక్కడి ప్రభుత్వం వృద్ధాప్య పెన్షన్ ఇస్తోంది. ఇద్దరూ మనవల్ని తీసుకురావడానికి ఒకే స్కూలు గేటు దగ్గర నిలబడేవారు. మూడేళ్ళు ఆవిడ మాట్లాడింది, ఆయన విన్నాడు. నాలుగో ఏడు ఆయన నోరు తెరిచి, ఎదురింటిని చూపించి, "ఆ గోడ వంకర" అన్నాడు. ఆ మాటని ఆవిడ వారం రోజులు తలుచుకుంది.

అప్పటినుంచి శనివారం వస్తే అమ్మకానికి పెట్టిన ఇళ్ళు చూసి రావడం వాళ్ళకి కాలక్షేపమైంది. ఆయన జేబులో గోడ నిటారు చూసే తూకం గుండు, చేతిసంచీలో చదును చూసే రసమట్టం. వరద ఎక్కిన ఇంటికి కొత్త రంగేసి చూపిస్తే, రంగు కింద నీటిచార ఎక్కడుందో గోటితో గీకి చూపించేవాడు. ఇళ్ళమ్మే కుర్రాళ్ళు ఆయన్ని చూస్తే తలుపులు వేసుకునే స్థితికి వచ్చారు. చివరికి ఒక ఇల్లు ఆయన రసమట్టానికి నిలిచింది. మంగళగిరి స్థలం, కాకినాడ ఫ్లాటు కలిసి రెండు పడకగదుల విల్లా అయ్యాయి. కాగితంలో ఇద్దరి పేర్లూ, సగం సగం. శ్రావణమాసంలో పాలు పొంగించారు. పీటల మీద మాత్రం ఉపేంద్రనీ, వాడి భార్యనీ కూర్చోబెట్టి, ఇల్లు కొన్నవాళ్ళిద్దరూ వెనకాల చుట్టాల్లా నిలబడ్డారు. హాలుకి అటొక గది ఆవిడది, ఇటొక గది ఆయనది.

ఇక ఇప్పటి చిక్కల్లా ఒక ఫారం.

పెన్షన్ తీసుకునేవాళ్ళు ఇల్లు మారినా, ఇంకొకరితో కలిసి కాపురం పెట్టినా పద్నాలుగు రోజుల్లో సెంటర్‌లింక్‌కి, అంటే పెన్షన్లిచ్చే ఆఫీసుకి, చెప్పాలి. ఇల్లు కొనుక్కోవడం తప్పేమీ కాదు. అయితే ఒంటరి మనిషికి ఇచ్చేది ఒకటి, జంటలో మనిషికి ఇచ్చేది ఒకటి. జంటకి కాస్త తగ్గుతుంది. అందుకని అడుగుతారు, మీరిద్దరూ జంటా, కాదా అని. ఈ ప్రశ్న వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఇంతవరకు అడగలేదు. గవర్నమెంటు ముందు అడిగింది.

పదమూడో రోజు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉపేంద్ర ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వాడు పారమట్టాలో ఏదో ఆఫీసులో ఖాతాలు చూస్తాడు, కాబట్టి ఫారాలంటే భయం లేదు. వాడి వెనకే వైశాలి ఒక కొత్త రైస్ కుక్కరు, నీలం రంగు టేపు చుట్ట పట్టుకుని దిగింది.

"ఇదెందుకే? నాకు కుక్కరుందిగా," అంది భ్రమరాంబ.

"అది నీది. ఇది అంకుల్‌ది."

"ఆయనకి కుక్కరేంటే బాబూ, ఆయన వండరు."

"అమ్మా, ప్లీజ్. ఒకే కుక్కర్లో వండుకుంటే కపుల్ అంటారు. రేపెవరైనా వచ్చి చూస్తే? సెపరేట్‌గా ఉన్నట్టు కనిపించాలి."

అంటూనే వైశాలి ఫ్రిజ్ తలుపు తీసి, పాల డబ్బాలూ ఆవకాయ జాడీ ఆవిడ వైపు సర్ది, పైనుంచి కిందికి నడిమధ్యన నీలం టేపు అంటించడం మొదలుపెట్టింది. అరల మీద, తలుపు మీద, ఆఖరికి ఫ్రిజ్ పక్కనున్న వంటగట్టు మీద కూడా అంటించింది. ఎడమ వైపు భ్రమరాంబది, కుడి వైపు ద్వారకానాథ్‌ది. టేపు కొంచెం పక్కకి పోయింది. ఆ పిల్ల చూసుకోలేదు.

ద్వారకానాథ్ చూశాడు. చూసి, కళ్ళు తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు.

"నాన్నా, ఇది చాలా సింపుల్," అన్నాడు ఉపేంద్ర. "టెక్నికల్‌గా మీరిద్దరూ షేర్‌మేట్స్. నేను యూనిలో ఉన్నప్పుడు వెర్రిబీలో ఆరుగురం ఒకే ఇంట్లో ఉన్నాం. మేం కపులా?"

"ఆరుగురూ కలిసి ఆ ఇల్లు కొన్నారా నాయనా?" అంది భ్రమరాంబ.

"అది వేరే పాయింట్ ఆంటీ."

"అదే పాయింటు నాయనా."

వైశాలి టేపు చుట్ట బల్ల మీద పడేసింది. "అమ్మా, నీకర్థం కావట్లేదు. పెన్షన్ సంగతి తర్వాత. మీరు కపుల్ అని రాశారని శ్యామసుందరి ఆంటీకి తెలిసిందనుకో, నేను కమ్యూనిటీ హాలుకి వెళ్ళగలనా?"

శ్యామసుందరి అంటే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ హడలు. కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఆదివారం పెద్దవాళ్ళ చేత తంబోలా ఆడించేది ఆవిడే. పదింటికి ఆవిడ చెవిలో పడింది పన్నెండింటికి పారమట్టా చేరుతుంది, ట్రైను కంటే ముందు. ఆవిడ ఇంట్లోంచే ఫోన్ మీద ఏదో గవర్నమెంటు పని చేస్తుంది. ఏం పనో ఎవరికీ చెప్పదు. ఆవిడ కడుపులో దాచుకున్న రహస్యం అదొక్కటే.

"తెలిస్తే తెలియనీ," అంది భ్రమరాంబ. కాని ఆ మాట అంటూ ద్వారకానాథ్ వైపు చూసింది. ఆయన టేపు వైపు చూస్తున్నాడు.

ఉపేంద్ర ఫారం తెరిచాడు. "ఓకే. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనే. ఆయన తరుగుతారు. ఆ బెండకాయ ముక్కలు చూడు, అన్నీ ఒక్కటే కొలత. ఇటుకలు పేర్చినట్టు పేరుస్తారు."

"విడివిడిగా," అని కొట్టాడు ఉపేంద్ర.

"విడివిడిగా తరుగుతారనా?"

"విడివిడిగా వండుకుంటారని."

"అబద్ధం కదయ్యా."

"రేపట్నుంచి నిజం ఆంటీ. కుక్కర్ తెచ్చాంగా. నెక్స్ట్. బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"మిషను."

"ఆరేసేది?"

"ఆయన. నా చీరైతే అంచుకి అంచు కలిసేదాకా వదలరు. మొన్న పక్కింటి తెల్లావిడ గోడ మీంచి ఫోటో తీసుకుంది."

"అమ్మా!" అంది వైశాలి చేతుల్లో మొహం పెట్టుకుని. "అంకుల్ నీ చీరలు ఆరేస్తారా?"

"ఏం, నువ్వారేస్తావా వచ్చి?"

ఉపేంద్ర గొంతు సవరించుకున్నాడు. "నలుగురిలోకి జంటగా వెళతారా?"

"నలుగురిలో ఆయన నాకు మూడడుగులు వెనక నడుస్తారు. అది జంట కిందికి వస్తుందో రాదో మీ ఆఫీసులో అడుగు."

"రాదు," అని కొట్టాడు. "ఒంట్లో బాగోకపోతే ఒకరినొకరు చూసుకుంటారా?"

భ్రమరాంబ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"చలికాలం మొదట్లో నాకు జ్వరం వచ్చింది, గుర్తుందా వైశూ? నీకు ఆఫీసు. అల్లుడికి ఆఫీసు. ఈయన మూడు రోజులు వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్క మాట లేదు. మాత్ర వేసుకునే టైముకి దగ్గేవారు. అంతే. మళ్ళీ టైమైతే మళ్ళీ దగ్గు. ఆ దగ్గు విని లేచి మాత్ర వేసుకునేదాన్ని."

ఉపేంద్ర కాసేపు మీటల మీద వేళ్ళు ఆడించి, "దీనికి... అప్పుడప్పుడు అని పెడదాం," అన్నాడు.

ఆ దగ్గు సంగతి నిజమే. ద్వారకానాథ్ ఇన్నేళ్ళలో భ్రమరాంబని ఏ పేరు పెట్టీ పిలవలేదు. మీరు అనాలో నువ్వు అనాలో తేల్చుకోలేక దగ్గుతో సరిపెట్టాడు. ఒక దగ్గు అంటే రమ్మని. రెండు దగ్గులు అంటే బస్సు వస్తోందని. ఆవిడ మాత్రం ఆయన్ని "మేస్త్రిగారూ" అని నోరారా పిలిచేది.

"లాస్ట్ క్వశ్చన్," అన్నాడు ఉపేంద్ర. "మీరిద్దరూ మిమ్మల్ని జంట అనుకుంటున్నారా?"

వైశాలి తల్లిని చూసింది. తల్లి ద్వారకానాథ్‌ని చూసింది.

"ఆయన్నడగండి," అంది.

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు.

ద్వారకానాథ్ ప్రాణం రసమట్టంలో బుడగలా అటూ ఇటూ జరిగింది. అవునని చెప్పాలని ఉంది. చెప్పడానికి నోట్లో మాట కూడా ఉంది. కాని తను అవునని, ఆవిడ కాదంటే? ఈ సంగతి ఆవిడని తను ముందు అడగలేదు. అడగకుండా అవుననడమంటే, ఇంకొకరి స్థలంలో వాళ్ళకి చెప్పకుండా పునాదికి ముగ్గు పోసినట్టే. అట్లాంటి పని ఆయన నలభై ఏళ్ళలో ఒక్కసారి చేయలేదు. పోనీ ఇప్పుడే అడుగుదామంటే కొడుకు ఎదురుగా ఉన్నాడు, ఆవిడ కూతురు ఎదురుగా ఉంది, మధ్యలో ఆ పెట్టె వెలుగుతోంది.

ఎటు చూడాలో తెలియక ఫ్రిజ్ వైపు చూశాడు. తలుపు మీద నీలం టేపు. పైన నడిమధ్యలో మొదలై, కిందికి వచ్చేసరికి బొటనవేలంత కుడికి పోయింది. ఎవరో తలమీద తప్పు పాపిట తీసినట్టుంది. గంటసేపట్నుంచి అది ఆయన కంట్లో నలుసులా పొడుస్తోంది.

ద్వారకానాథ్ లేచాడు. జేబులోంచి గుండు తీశాడు. దారం పైన పట్టి కిందికి వదిలాడు. గుండు ఊగి, ఊగి, నిలిచింది. టేపు కింది సగం ఊడబీకి, దారం వెంట తిన్నగా, నున్నగా, గాలి బుడగ లేకుండా అరచేత్తో ఒత్తుతూ మళ్ళీ అంటించాడు. వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు. అప్పటికి ఆయన మనసు కుదుటపడింది.

వెనక్కి తిరిగితే ముగ్గురూ తననే చూస్తున్నారు.

"థ్యాంక్స్ నాన్నా," అన్నాడు ఉపేంద్ర నెమ్మదిగా. "నాకు తెలుసు, మీరు ప్రాక్టికల్."

భ్రమరాంబ కుర్చీలోంచి లేచింది. "మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం ఎవరిస్తారా అని ఇన్నాళ్ళూ చూశాను. ఇవాళ గుండేసి మరీ గీత గీసి చూపించారు. కాదని కొట్టు నాయనా," అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

ద్వారకానాథ్ ఒకసారి దగ్గాడు. తలుపు తెరుచుకోలేదు.

ఉపేంద్ర తను తెచ్చుకున్న చిన్న ప్రింటర్ మీద ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇద్దరూ సంతకాలు పెట్టి ఉంచండి. రేపు మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్ళి ఇచ్చేస్తా. రేపే ఆఖరి రోజు," అన్నాడు. వైశాలి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అంకుల్, అమ్మని బాగా చూసుకోండి," అని, నాలిక కరుచుకుని, "అంటే, షేర్‌మేట్‌గా," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భ్రమరాంబ తన కుక్కర్లో తన మట్టుకు అన్నం వండుకుంది. కొత్త కుక్కర్ని అట్టపెట్టెతో సహా ఆయన ముందు పెట్టి, "మీ కుక్కరు, మేస్త్రిగారూ," అంది. ద్వారకానాథ్ రొట్టె ముక్కలు రెండు తీసుకుని ఫ్రిజ్ తెరిచాడు. ఆవకాయ జాడీ గీతకి అవతల ఉంది. తను తిన్నగా అంటించిన గీత. దాన్ని దాటి చెయ్యి వెళ్ళలేదు. రొట్టె ఉత్తదే తిన్నాడు.

మర్నాడు ఇంకా తెల్లారకుండానే లేచాడు.

ముందు ఫ్రిజ్ మీది టేపు పైనుంచి కిందిదాకా ఊడదీశాడు. అరల మీదిది, వంటగట్టు మీదిది కూడా. జిగురు మిగిలిన చోట తాపీ అంచుతో గీతపడకుండా గీకి, తడిగుడ్డ పెట్టి తుడిచాడు. ఊడదీసిన టేపుతోనే కొత్త కుక్కరు అట్టపెట్టె మూత బిగించి, గుమ్మం పక్కన పెట్టాడు. సంతకాల్లేని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ పెట్టె కింద తోశాడు. తర్వాత జీవితంలో మొదటిసారి బియ్యం కడిగాడు. సిమెంటుకి ఇసుక పాలు తెలిసినవాడికి బియ్యానికి నీళ్ళ పాలు ఎంతసేపు? ఒకటికి రెండు. ఇద్దరికి సరిపడా, ఆవిడ కుక్కర్లో పోసి మీట నొక్కాడు. ఆవకాయ జాడీ తెచ్చి బల్లకి సరిగ్గా నడిమధ్యలో పెట్టాడు.

భ్రమరాంబ శాలువా కప్పుకుని వచ్చి వంటింటి గుమ్మంలో ఆగింది. ఫ్రిజ్ చూసింది. అట్టపెట్టె చూసింది.

"ఏంటండీ ఇది?"

"ఒకటి చాలు," అన్నాడు ద్వారకానాథ్.

"కుక్కరా?"

ఆయన దగ్గబోయి ఆపుకున్నాడు. దగ్గు చాలని సందర్భం ఇది.

"కుక్కరు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఫ్రిజ్జు." మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "ఫారం కూడా. పెన్షన్ తగ్గితే తగ్గనీ. నాకు నువ్వు... నీకిష్టమైతేనే. నువ్వు పొయ్యమంటేనే ముగ్గు పోస్తా."

నువ్వు అన్నాడు. అని, అన్నందుకు తనే బెదిరి స్టవ్ వైపు తిరిగాడు.

"మరి నిన్న గుండేసి గీత సరిచేశారు గదా?"

"వంకరగా ఉంది గదా," అన్నాడు ఆయన. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు అన్నాడు.

భ్రమరాంబ రెండు క్షణాలు అలాగే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక వంటగట్టు పట్టుకుంది. కళ్ళనీళ్ళు శాలువాతో తుడుచుకుంది. అవి నవ్వినందుకు వచ్చినవో, రాత్రివి మిగిలినవో ఆయనకి తెలియలేదు.

"నేను పోయిన మంగళవారమే ఫోన్ చేసి చెప్పేశాను మేస్త్రిగారూ," అంది.

"ఏమని?"

"జంటే అని."

"నన్నడక్కుండానా?"

"మిమ్మల్ని అడిగితే మీరు జవాబు చెప్పేసరికి ఇంకో వరద వస్తుంది. ముప్ఫయ్యేళ్ళు లైన్లు కలిపినదాన్నండీ. అవతల మోగుతోందో లేదో నాకు తెలియదా?"

"మరి నిన్న ఆ తతంగమంతా?"

"మీ నోటితో వింటానేమోనని కూర్చున్నాను."

ద్వారకానాథ్ కుర్చీలో కూలబడ్డాడు. కుక్కరు మీట టక్కుమని పైకి లేచింది. అన్నం కొంచెం మెత్తనైంది కాని, ఆవకాయతో ఇద్దరూ వేడివేడిగా తిన్నారు. రెండో ముద్ద దగ్గర భ్రమరాంబ ఆగింది.

"ఒక్కటుందండీ. నా మాట ఒక్కటే చాలదట. మీతో కూడా మాట్లాడతారట. ఇవాళ తొమ్మిదింటికి ఫోన్ చేస్తారు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఎంతసేపు?"

"గంట పట్టొచ్చన్నారు."

గంటసేపు మాట్లాడటం! పోయిన భార్యతో కాపురం చేసిన ముప్ఫయ్యారేళ్ళలో అన్నీ కలిపినా ఆయన అంత మాట్లాడి ఉండడు. "ఇంగ్లీషులోనా?"

"భయపడకండి. తెలుగు దుబాసీని పెట్టమని అడిగాను. మీరు తెలుగులో చెబితే ఆవిడ వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతుంది. విన్న మాట బయటికి చెప్పకూడదట. అలా ఒట్టు పెట్టుకుని ఉంటారట పాపం. మన రహస్యం మన దగ్గరే. వైశూకి కూడా ఏ బెంగా అక్కర్లేదు."

ద్వారకానాథ్ గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. పక్కన భ్రమరాంబ.

తొమ్మిదికి ఫోన్ మోగింది. ఆవిడ స్పీకర్ నొక్కింది. ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో మర్యాదగా, నిదానంగా ఏదో చెప్పింది. మధ్యలో ద్వారకానాథ్ పేరూ, భ్రమరాంబ పేరూ వినిపించాయి. తర్వాత ఇంకో గొంతు లైన్లోకి వచ్చింది.

"నమస్కారమండీ. నేను మీ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. ఇక్కడ విన్న విషయాలు నేను ఎవరికీ..."

గొంతు అక్కడ ఆగిపోయింది.

ఆ గొంతు వాళ్ళిద్దరూ ఆదివారం ఆదివారం వింటారు. రెండూ ఏడూ ఇరవయ్యేడు, ఒకటీ తొమ్మిదీ పంతొమ్మిది అని హాలంతా మోగేలా పిలిచే గొంతు. శ్యామసుందరి ఎవరికీ చెప్పని గవర్నమెంటు పని ఏమిటో వాళ్ళకి అప్పుడు తెలిసింది. వాళ్ళ సంగతి ఆవిడకీ తెలిసింది. అవతల వైపు, బహుశా పుట్టాక మొదటిసారి, శ్యామసుందరికి మాట రాలేదు.

ఇంగ్లీషు అమ్మాయి మళ్ళీ ఏదో అడిగింది. శ్యామసుందరి తెలుగులో అందుకుంది.

"మీరూ... భ్రమరాంబగారూ... జంటా, అని అడుగుతున్నారండీ."

భ్రమరాంబ చెయ్యి ఫోన్ కట్ చేయడానికి ముందుకొచ్చింది. ద్వారకానాథ్ ఆ చెయ్యి పట్టుకుని బల్ల మీదే ఆపాడు. ఆపి, వదల్లేదు. దగ్గాడు.

"ఆయన... దగ్గారు," అని తెలుగులోనే గొణిగి, శ్యామసుందరి అదే ముక్క ఇంగ్లీషులో కూడా చెప్పింది.

"అమ్మా శ్యామసుందరీ, అది కాదు," అన్నాడు ద్వారకానాథ్, కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కుని. "ఇప్పుడు చెబుతా, విను."